కాటా చెప్పని బరువు

ఎన్ని టన్నులు ఎక్కించారన్నదే చట్టం అడుగుతోంది. ఎక్కడ ఎక్కించారన్నది మాత్రం రోడ్డు మీద తేలుతోంది.

జంషెడ్‌పూర్‌లో సరుకు ఎత్తుకుని బయల్దేరే ట్రైలర్ డ్రైవరు దగ్గర ఓ కాటా చీటీ ఉంటుంది. దానిమీద మూడే అంకెలు. ఖాళీ బండి బరువు, నిండు బండి బరువు, ఈ రెండింటి తేడాగా వచ్చే సరుకు బరువు. నిండు బరువు రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన పరిమితికి లోబడి ఉంటే చాలు, బండికి అడ్డు ఉండదు. కానీ రాంచీ దారిలో తైమారా ఘాటీ ఎక్కేటప్పుడు చక్రాలు పట్టు వదలకుండా ఉంటాయా? దిగేటప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే బండి నిటారుగా నిలబడుతుందా, మడతపడుతుందా? ఆ మూడు అంకెల్లో ఏదీ ఈ సంగతి చెప్పదు. చెప్పగలిగేది నాలుగో అంకె. ఏ ఇరుసు మీద ఎంత బరువు పడిందన్న అంకె. చీటీలో లేనిది అదే.

బరువు ఎంతన్నది ఒక ప్రశ్న. ఎక్కడన్నది మరో ప్రశ్న. మన చట్టాలు, తనిఖీలు, జరిమానాలు దాదాపు అన్నీ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. రెండో ప్రశ్నకు మూల్యం చెల్లించేది మాత్రం డ్రైవరు, పక్కన స్కూటరు మీద వెళ్లేవాడు, ఆ రోడ్డుకు పన్ను కట్టే పౌరుడు.

ఇరుసుల మీద బతికే ఊరు

ఈ చర్చకు జంషెడ్‌పూర్‌ను మించిన చోటు దేశంలో మరొకటి దొరకడం కష్టం. 1907లో ఏర్పాటైన టాటా ఉక్కు కంపెనీ 1912లో ఇక్కడ ఉక్కు తీయడం మొదలుపెట్టింది. సాక్చి గ్రామం 1919లో జంషెడ్‌పూర్ అయింది. 1945లో రైలింజన్ల తయారీకి టెల్కో వచ్చింది. 1954లో అదే సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో చేతులు కలిపి లారీలు చేయడం ప్రారంభించింది. 15 ఏళ్ల ఆ ఒప్పందం 1969లో ముగిసినా లారీలు ఆగలేదు. 2003లో టెల్కో పేరు టాటా మోటార్స్‌గా మారింది. ఇరుసుల తయారీని 2000లో హెచ్‌వీ యాక్సిల్స్ పేరుతో ప్రత్యేక కంపెనీ చేశారు. తర్వాత పేరు మారి, చివరికి 2018లో ఆ వ్యాపారం తిరిగి టాటా మోటార్స్‌లోనే కలిసింది. ఖర్కాయీ నది అవతల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని చిన్నా పెద్దా యూనిట్లలో చాలావాటికి లారీల విడిభాగాలే తిండి పెడుతున్నాయి.

ఈ ఊరితో తెలుగువారికున్న బంధమూ పాతదే. ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర పల్లెల నుంచి టాటానగర్ రైలెక్కినవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు కద్మా, బిష్టుపూర్ వీధుల్లో స్థానికులే. వాళ్ల తాతలు సొంతూళ్లో తోలిన ఎడ్లబండే నిజానికి ఈ పాఠంలో మొదటి పేజీ.

ఎడ్లబండికి బరువెత్తే రైతుకు భౌతికశాస్త్రం తెలియకపోవచ్చు. కానీ బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే కాడి పైకి లేస్తుందని, అన్నీ ముందుకు నెడితే ఎడ్ల మెడలు కుంగుతాయని తెలుసు. అందుకే బస్తాలు ఇరుసుకు అటూ ఇటూ సర్ది, కాడి దగ్గర చేత్తో ఎత్తి చూసి, ముందు వైపు కాస్త మొగ్గు ఉండేలా చూసుకుంటాడు. ఆ కాస్త మొగ్గే కీలకం. అసలు లేకపోతే బండి ఎడ్ల మాట వినదు. ఎక్కువైతే ఎడ్లు నడవలేవు. రెండు ఎడ్ల స్థానంలో వందల అశ్వశక్తి ఇంజన్ వచ్చినా, కర్ర ఇరుసు స్థానంలో ఉక్కు ఇరుసులు మూడు వచ్చినా, సూత్రం మారలేదు.

విహారానికీ వ్యాపారానికీ ఒకటే సూత్రం

పాశ్చాత్య దేశాల్లో కుటుంబాలు కారు వెనక ఇల్లులాంటి ట్రైలర్‌ను తగిలించుకుని విహారానికి వెళుతుంటాయి. అక్కడ కొత్తగా ట్రైలర్ కొన్నవారికి మొదట నేర్పేది ఇదే. అమెరికాలో అయితే ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారుకు తగిలించే కొక్కెం మీద పడాలంటారు. బ్రిటన్‌లో ఇరుసు ట్రైలర్ నడుముకు దగ్గరగా ఉండి, వేగ పరిమితి కూడా తక్కువ కాబట్టి 5 నుంచి 7 శాతం చాలంటారు. కొక్కెం మీద బరువు మరీ తగ్గిందంటే ఒక వేగం దాటాక ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఊపు తనంతట తాను తగ్గదు సరికదా, క్షణక్షణానికీ పెరుగుతుంది. చివరికి ముందున్న కారునే రోడ్డు మీద నుంచి లాగి పడేస్తుంది. ట్రైలర్ బరువు పరిమితికి లోపలే ఉన్నా ఈ ప్రమాదం తప్పదు. సామాను వెనక పెట్టడమే అక్కడ జరిగిన తప్పు.

జంషెడ్‌పూర్ రోడ్ల మీద తిరిగే సరుకు ట్రైలర్ల తీరు కాస్త వేరు. వీటికి ముందు ఇరుసు ఉండదు. ట్రైలర్ ముందు భాగం లాగే బండి వీపు మీద కూర్చుంటుంది. కింగ్ పిన్ అనే లావుపాటి ఉక్కు మేకు, ఫిఫ్త్ వీల్ అనే ఇనప పళ్లెంలో ఇరుక్కుంటుంది. అయిదో చక్రమన్న పేరే గానీ అది తిరిగే చక్రం కాదు, బరువు మోసే పీట. ట్రైలర్ వెనక భాగాన్ని రెండో మూడో ఇరుసుల గుంపు మోస్తుంది. అంటే సరుకు మోసే భుజాలు రెండు. ఒకటి కింగ్ పిన్, రెండోది వెనక ఇరుసుల గుంపు. ఏ భుజం మీద ఎంత పడాలన్నది సరుకు పెట్టిన చోటును బట్టే తేలుతుంది.

ఈ లెక్కకు హైస్కూలు చదువు చాలు. కింగ్ పిన్‌కూ వెనక ఇరుసుల గుంపు నడిమధ్యకూ 8 మీటర్ల దూరం ఉందనుకుందాం. 20 టన్నుల ఉక్కు రేకు చుట్ట, అంటే కాయిల్‌ను సరిగ్గా మధ్యలో పెడితే చెరి 10 టన్నులు పడతాయి. చుట్టను వెనక్కి ఒక్క మీటరు జరిపితే రెండున్నర టన్నులు ముందు నుంచి వెనక్కి మారిపోతాయి. మరో మీటరు జరిపితే ముందు 5, వెనక 15. ఇరుసుల గుంపును కూడా దాటించి 2 మీటర్లు వెనక పెట్టారంటే ఆ చుట్ట వల్ల వెనక ఇరుసుల మీద పడేది 20 కాదు, 25 టన్నులు. కింగ్ పిన్‌ను 5 టన్నుల బలంతో పైకి ఎత్తుతుంది. ఎడ్లబండి కాడి లేవడం అంటే ఇదే.

బియ్యం బస్తాలకో సిమెంటుకో ఈ బెడద తక్కువ. సరుకు బల్ల నిండా పరుచుకుంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి వచ్చే పొడవాటి కడ్డీల బరువూ బండి పొడవునా సర్దుకుంటుంది. వాటితో వచ్చే చిక్కు వేరు, అవి వెనక్కి పొడుచుకు వస్తాయి. రేకు చుట్ట అలాకాదు. 20 టన్నుల బరువు మనిషి ఎత్తు కూడా లేని ఒక్క ముద్దలో ఉంటుంది. దాన్ని పెట్టిన చోటే బండి తలరాత. బల్ల మీద ఎంత ఖాళీ మిగిలిందో చూసి బండి తేలిగ్గా ఉందనుకుంటే పొరపాటే.

పరిమితి లోపలే, ప్రమాదం అంచునే

ఇక చట్టం దగ్గరికి వద్దాం. 2018 జులై 16న కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువుల పరిమితిని పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులున్నది 11.5 అయింది. జంట ఇరుసులకు 19 నుంచి 21కి, మూడు ఇరుసుల గుంపుకు 24 నుంచి 27కు పెరిగింది. స్టీరింగ్ ఉండే ముందు ఇరుసు పరిమితి 6 టన్నుల నుంచి 7కు చేరింది. ఫలితంగా లాగే బండికి మూడు, ట్రైలర్‌కు మూడు, మొత్తం ఆరు ఇరుసులున్న వాహనం బరువు 49 టన్నుల నుంచి 55 టన్నులకు పెరిగింది. 7, 21, 27 కూడితే వచ్చే 55 అన్నమాట.

మొత్తం పరిమితి ఇరుసుల కూడిక నుంచే పుట్టింది. కానీ కూడాక మిగిలింది మొత్తమే. అలాంటి ఆరు ఇరుసుల వాహనాన్నే ఉదాహరణగా తీసుకుందాం. లాగే బండి సొంత బరువు 9 టన్నులు, ట్రైలర్‌ది 8 టన్నులు. ఖాళీ ట్రైలర్ బరువులో ఐదున్నర టన్నులు వెనక ఇరుసులే మోస్తున్నాయనుకుందాం. 18 టన్నుల చుట్టలు రెండు ఎక్కించారు. మొత్తం 53 టన్నులు. పరిమితికి 2 టన్నులు తక్కువే. కాటా చీటీ ప్రకారం ఈ బండి బుద్ధిమంతుడి కింద లెక్క.

కానీ ఆ రెండు చుట్టల ఉమ్మడి కేంద్రం కింగ్ పిన్‌కు ఆరున్నర మీటర్ల దూరంలో పడిందనుకోండి. చుట్టల బరువులో 29 టన్నుల పైచిలుకు వెనక ఇరుసుల మీదికి వెళుతుంది. ట్రైలర్ సొంత బరువు కలిపితే అక్కడ దాదాపు 35 టన్నులు. పరిమితి 27. అంటే మొత్తం బరువు చట్టబద్ధం, వెనక ఇరుసుల మీద మాత్రం 8 టన్నుల దాకా అదనం. దీనికి మందు సరుకు తగ్గించడం కాదు. రెండు చుట్టలనూ ఒకటిముప్పావు మీటరు ముందుకు జరిపితే చాలు, వెనక బరువు 27 లోపలికి వచ్చేస్తుంది. లాగే బండి ఇరుసులు కూడా పరిమితి దాటవు. ఒక్క కిలో తీయకుండానే బండి దారికొస్తుంది.

వెనక మోయలేని బరువు, ముందు ఉండాల్సిన బరువు లేకపోవడం. కష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది. వెనక టైర్లు వేడెక్కి పేలతాయి, బేరింగులు, బ్రేకులు అరుగుతాయి. ముందు వైపు లాగే చక్రాల మీద తగినంత బరువు లేక ఎత్తు మీద జారతాయి. వాన కురిసిన రోడ్డు మీద హఠాత్తుగా బ్రేకు వేస్తే ఆ తేలిక చక్రాలే ముందు బిగుసుకుని పక్కకు జారతాయి. వెనక నుంచి ట్రైలర్ తోసుకొస్తుంది. చాకు మడతపడినట్టు బండి రెండుగా మడిచుకుంటుంది.

అలాగని చుట్టలన్నీ ముందుకు నెడితే గండం గడిచినట్టూ కాదు. ఫిఫ్త్ వీల్‌ను సాధారణంగా లాగే బండి వెనక ఇరుసులకు కాస్త ముందుగా బిగిస్తారు. దాని మీద పడిన బరువులో కొంత వాటా స్టీరింగ్ ఇరుసుకూ చేరాలన్నది ఉద్దేశం. ముందు బరువు మితిమీరితే ఈ వాటా కూడా పెరిగి స్టీరింగ్ మొరాయిస్తుంది, ముందు టైరు పేలితే బండి ఎటు పోతుందో చెప్పలేం. పైగా చుట్ట డ్రైవరు వీపుకు దగ్గరైనకొద్దీ గొలుసు తెగితే ముప్పూ దగ్గరవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న బండి ఆగినా, సరిగా బంధించని 18 టన్నుల చుట్ట ఆగదు. అందుకే చోటు సరిచూడటం ఎంత ముఖ్యమో, చుట్టను గాడిలో కూర్చోబెట్టి గొలుసులతో బిగించడమూ అంతే ముఖ్యం.

ఇరుసు ఎక్కడుండాలి?

సరుకు పెట్టే చోటు లోడింగ్ యార్డు చేతిలో ఉంటుంది. ఇరుసుల చోటు మాత్రం ట్రైలర్ కట్టేవాడి చేతిలో ఉంటుంది. ఇక్కడ అందరికీ నచ్చే జవాబు లేదు. ఇరుసుల గుంపును బాగా వెనక్కి జరిపితే ట్రైలర్ నిలకడగా నడుస్తుంది, కింగ్ పిన్‌కు బరువు దండిగా దక్కుతుంది. కానీ మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిని వదిలేసి లోపలికి కోసుకుంటాయి. కింగ్ పిన్ 15 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతోందనుకుంటే, ఇరుసులు 8 మీటర్ల వెనక ఉన్నప్పుడు అవి రెండు మీటర్ల పైచిలుకు లోపలికి వస్తాయి. ఆ దూరం 6 మీటర్లయితే లోపలికి వచ్చేది మీటరుంబావు మాత్రమే.

జంషెడ్‌పూర్ కూడళ్లలో గోల్‌చక్కర్లు ఎక్కువ. మలుపు తిరిగే ట్రైలర్ పక్కన ఖాళీ కనిపించి దూరే ద్విచక్ర వాహనదారుడికి, ఆ ఖాళీ కాసేపట్లో వెనక చక్రాలది కాబోతోందన్న సంగతి తెలియదు. డ్రైవరుకు అద్దంలో అతను కనిపించకపోవచ్చు. ఈ రెండు మీటర్లలో ఎవరి అజాగ్రత్త ఎంతన్నది ఆ తర్వాత పోలీసులు తేల్చాల్సిన విషయం.

ఇరుసులను ముందుకు జరిపితే మలుపు తేలికవుతుంది. కానీ వెనక బల్ల మరీ వేలాడుతుంది. ఆ వేలాడే భాగం మీద సరుకు పెడితే కాడి లేచే ప్రమాదం మళ్లీ మొదటికి వస్తుంది. మలుపులో తోక వెలుపలి వైపు ఊడ్చుకుంటూ పోతుంది కూడా. ఇరుసుల సంఖ్య పెంచినా చిక్కులు తప్పవు. మూడు ఇరుసులూ సమానంగా మోయాలంటే వాటి స్ప్రింగులను కలిపే మీటలు సరిగ్గా ఆడాలి. ఒకటి బిగుసుకుపోయిందంటే ముగ్గురి పని ఇద్దరి మీద పడుతుంది. మలుపు తిరిగినప్పుడల్లా ముందూ వెనకా ఉన్న ఇరుసుల టైర్లు రోడ్డును రుద్దుకుంటూ అరుగుతాయి. ఖాళీగా వెళ్లేటప్పుడు టైర్లు ఆదా చేసేందుకు పైకి ఎత్తే ఇరుసులూ వచ్చాయి. సరుకున్నప్పుడు కూడా వాటిని ఎత్తే ఉంచితే కాగితం మీద ఉన్న ఇరుసు రోడ్డు మీద లేనట్టే.

రోడ్డు చెప్పే లెక్క

ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం రెట్టింపు అవుతుందనుకోవడం సహజం. కానీ అది పదహారు రెట్లు. 1958 నుంచి 1960 వరకు అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద సైనికుల చేత రాత్రింబవళ్లు లారీలు నడిపించి చేసిన ప్రయోగం నుంచి ఈ లెక్క వచ్చింది. నష్టం బరువుకు నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుందన్నది దాని సారాంశం. ఇది కచ్చితమైన నియమం కాదు, రోడ్డును బట్టి కొంత మారుతుంది. అయినా మన దేశంలో రోడ్లు డిజైన్ చేసేటప్పుడు కూడా ఆధారం ఇదే. 8.16 టన్నుల ఒంటి ఇరుసును ఒక యూనిట్‌గా తీసుకుంటారు.

ఆ కొలత ప్రకారం 10.2 టన్నుల ఇరుసు ఒకసారి దాటితే రెండున్నర ఇరుసులు దాటినట్టు. 2018లో అనుమతించిన 11.5 టన్నులైతే దాదాపు నాలుగు. అక్రమంగా 15 టన్నులు పడితే పదకొండు. పాత పరిమితికీ కొత్త పరిమితికీ బరువులో తేడా 13 శాతమే. రోడ్డుకు నష్టంలో తేడా 60 శాతం పైనే. యూరప్‌లో కూడా ఇంజన్ తిప్పే ఇరుసుకు 11.5 టన్నులు అనుమతిస్తున్నారు కదా అనే వాదన ఉంది. నిజమే. అక్కడ ఆ అంకెతో పాటు ఇరుసు వారీ తూకమూ ఉంది.

పైన చెప్పుకున్న 53 టన్నుల బండి సంగతీ చూద్దాం. చుట్టలు సరైన చోట ఉన్నప్పుడు, వెనక్కి పెట్టినప్పుడు ఆరు ఇరుసుల నష్టాన్నీ కూడి పోల్చితే, రెండో సందర్భంలో రోడ్డుకు జరిగే నష్టం ఒకటిన్నర రెట్లు. బరువు అదే, సరుకు అదే, కాటా చీటీ అదే. మారింది ఒకటిముప్పావు మీటరే.

చట్టం ఎక్కడ ఆగింది?

అధిక బరువు మీద దేశంలో గట్టి దెబ్బ పడింది 2005లో. అప్పటిదాకా కొన్ని రాష్ట్రాలు రుసుము కట్టించుకుని అదనపు బరువుతో బండిని వదిలేసేవి. జరిమానా కట్టినంత మాత్రాన అదనపు బరువుతో ముందుకు సాగే హక్కు రాదని, దించాకే కదలాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది నవంబరు 9న తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఎక్కువ ఇరుసుల వాహనాలకు, ట్రైలర్లకు గిరాకీ పెరిగింది. 2019 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో జరిమానా రూ. 2,000 నుంచి రూ. 20,000కు చేరింది. అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ రూ. 1,000 స్థానంలో రూ. 2,000 వచ్చింది. సరుకు బండి దాటి పక్కలకో, వెనక్కో, పైకో పొడుచుకు వస్తే విడిగా రూ. 20,000 జరిమానా పెట్టారు.

చట్టానికి ఇరుసు గురించి తెలియదని కాదు. రిజిస్ట్రేషన్ సమయంలో ఏ ఇరుసు ఎంత మోయగలదో నమోదు చేయాలని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. అయితే రోడ్డు మీద జరిమానా కట్టే వేళకు లెక్క టన్నుల మొత్తానికే పరిమితమవుతోంది. 53 టన్నుల మన బండికి అదనపు టన్ను ఒక్కటీ లేదు కాబట్టి ఆ లెక్కలో జరిమానా సున్నా. ఇరుసులు విరగబోతున్నా సరే.

మరో మాట. నడిపేవాడితో పాటు నడిపించినవాడు, నడవనిచ్చినవాడు కూడా శిక్షార్హుడేనని చట్టం అంటోంది. కానీ రోడ్డు మీద దొరికేది డ్రైవరే. చుట్టను ఏ చోట దించాలో క్రేన్ నడిపేవాడికి చెప్పేది మరొకరు. ఇరుసులు ఎక్కడ బిగించాలో నిర్ణయించేది ఇంకొకరు. ఆస్ట్రేలియాలో 2014లో అమల్లోకి వచ్చిన భారీ వాహనాల చట్టం దీనికి మరో దారి చూపింది. సరుకు పంపేవాడు, ఎక్కించేవాడు, ప్రయాణ వేళలు నిర్ణయించేవాడు అందరూ గొలుసుకట్టుగా బాధ్యులే. బరువు తప్పుగా సర్దితే విచారణ లోడింగ్ యార్డు దాకా వెళుతుంది. అమెరికాలో ఇరుసుల మధ్య దూరాన్ని బట్టి కూడా బరువు పరిమితి మారుతుంది. వంతెనలను కాపాడటానికి 1970ల మధ్యలో తెచ్చిన సూత్రమది. అక్కడ లారీలు ఆగే చోట ఉండే కాటాలు స్టీరింగ్ ఇరుసుకు, లాగే ఇరుసులకు, ట్రైలర్ ఇరుసులకు విడివిడిగా తూకం చెబుతాయి. తేడా వస్తే డ్రైవరు ట్రైలర్ ఇరుసుల గుంపునే ముందుకో వెనక్కో జరుపుకునే వీలు చాలా ట్రైలర్లలో ఉంటుంది.

ఢిల్లీలో అంకె, ఆదిత్యపూర్‌లో ఆకలి

ఇరుసు పరిమితి మారితే ఏమవుతుందో జంషెడ్‌పూర్‌కు మరోలా కూడా తెలుసు. రెండు ఇరుసుల లారీ పరిమితి 2018లో 16.2 నుంచి 18.5 టన్నులైంది. బండి సొంత బరువు 6 టన్నులనుకుంటే సరుకు సామర్థ్యం 10.2 నుంచి 12.5కు పెరిగినట్టు. ఒక్క కొత్త లారీ కొనకుండానే ఐదో వంతుకు పైగా అదనపు సామర్థ్యం. యజమానులకు కొత్త బండ్ల అవసరం తగ్గింది. దానికి రుణాల కొరత, మందగించిన ఆర్థిక వ్యవస్థ, రాబోయే బీఎస్-6 నిబంధనల భయం తోడయ్యాయి. 2019 వేసవి తర్వాత టాటా మోటార్స్ జంషెడ్‌పూర్ ప్లాంటు విడతలు విడతలుగా ఉత్పత్తి నిలిపివేసింది. ఆదిత్యపూర్‌లో విడిభాగాలు చేసే యూనిట్లలో షిఫ్టులు తగ్గాయి, ఒప్పంద కార్మికులు ఇంటిదారి పట్టారు. పరిమితి పెంపు ఒక్కటే అందుకు కారణం కాదు గానీ, కారణాల్లో అదొకటన్నది పరిశ్రమ మాట.

అందుకే ఈ ఊళ్లో ఇరుసు బరువు గురించి మాట్లాడేటప్పుడు ఎవరి ప్రయోజనం వారికి ఉంటుంది. సరుకు పంపేవారికి ఒక్కో ట్రిప్పులో ఎక్కువ టన్నులు కావాలి. లారీలు చేసేవారికి ఎక్కువ బండ్లు అమ్ముడుపోవాలి. బండి యజమానికి టైర్లు, డీజిలు కలిసిరావాలి. బరువు ఎంతన్న దాని మీద వీరి మధ్య బేరం ఎప్పుడూ తెగదు. కానీ బరువు ఎక్కడన్న దాని మీద వీరిలో ఎవరికీ విభేదం ఉండనక్కర్లేదు. చుట్టను సరైన చోట పెడితే ఎవరికీ ఒక్క టన్ను నష్టం లేదు. టైర్లు మిగులుతాయి, రోడ్డు మిగులుతుంది, మనుషులు మిగులుతారు.

దీనికి కోట్ల రూపాయల యంత్రాలూ అక్కర్లేదు. ఇప్పుడున్న కాటా మీదే రెండుసార్లు తూచితే సరిపోతుంది. ముందు లాగే బండి ఇరుసులు మాత్రమే కాటా బల్ల మీద ఉండేలా ఆపి ఒక తూకం, తర్వాత మొత్తం బండికి మరో తూకం. రెండింటి తేడాయే ట్రైలర్ ఇరుసుల మీది బరువు. కాటాకు ముందూ వెనకా నేల సమతలంగా ఉండాలి, బ్రేకు వదిలేసి ఉండాలి. అదనంగా పట్టేది రెండు మూడు నిమిషాలు. కదిలే బండిని తూచే యంత్రాలు ఎక్కడున్నా అవి బరువు పట్టేది ఇరుసు వారీగానే. ఆ అంకెలను మొత్తంలో కలిపేసి మరిచిపోకుండా చీటీలో విడిగా అచ్చువేయడమే మిగిలిన పని. ఇంకో మెట్టు ఎక్కాలంటే, ఎంత బరువున్న చుట్టను ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పెట్టవచ్చో తయారీదారే లెక్కగట్టి ట్రైలర్ బల్ల పక్కన రంగుతో గీతలు గీయవచ్చు. క్రేన్ నడిపేవాడికి లెక్కలు రానక్కర్లేదు, గీత కనిపిస్తే చాలు.

కాటా చీటీలో నాలుగో అంకె చేరితే డ్రైవరు చేతికి ఇప్పటిదాకా లేని ఆయుధం దొరుకుతుంది. సరుకు తప్పుగా ఎక్కించారని గేటు దాటకముందే, కాగితం చూపించి, చుట్టను జరపమని అడగగలుగుతాడు. ఇప్పుడు అతనికి ఆ సంగతి తెలిసేది ఘాటీ మలుపులో. అక్కడ అడగడానికి ఎవరూ ఉండరు.